మాల్దీవుల చేప రుచి ఎక్కడిది?

మాల్దీవులకు వెళ్లినవాళ్లలో చాలామంది రిసార్టు బఫేలోనే మూడు పూటలా కానిచ్చేస్తారు. అసలు రుచి ఊళ్లున్న దీవుల్లో, ‘హోటా’ అనే టీ కొట్ల దగ్గరుంది.

దాదాపు 1,200 దీవులున్నా పగడపు ఇసుకలో వరి, గోధుమ పండవు. కొబ్బరి, సీమపనస, కొన్ని దుంపలు, నేల ఇచ్చేది అంతే. తక్కిన లోటంతా తీర్చింది స్కిప్‌జాక్ ట్యూనా. ఈ చేపను వలతో కాదు, గాలంతో ఒక్కొక్కటిగా పడతారు. బతికున్న చిన్న చేపల్ని ఎరగా చల్లి, పడవ మీంచి నీళ్లు చిమ్ముతారు. గుంపు అక్కడే ఉందనుకుని ట్యూనాలు పైకొస్తాయి.

ఆ తర్వాత ఆలస్యం పనికిరాదు. చేప చచ్చాక దాని కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు విడిపోతూ ఐనోసినేట్ అనే పదార్థంగా మారతాయి. మాంసంలో మనకు తెలిసే ఆ కమ్మదనంలో దీని వాటా పెద్దది. ఈ మార్పు చేసే ఎంజైములు అక్కడితో ఊరుకోవు, దాన్ని కూడా విరిచి హైపోజాంథీన్ అనే చేదు పదార్థం దాకా తీసుకుపోతాయి. సరైన సమయంలో ఉడకబెడితే ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, కమ్మదనం చేపలోనే ఉండిపోతుంది. జపాన్‌లో ఇదే చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి కత్సువోబుషి తయారుచేస్తారు. 1913లో జపాన్ శాస్త్రవేత్త షింతారో కొదామా ఐనోసినేట్ రుచిని గుర్తించింది అందులోనే.

తొందరకు ఇంకో కారణముంది. ట్యూనాలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప ఎండలో పడి ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. హిస్టమిన్ ఒకసారి పుట్టాక ఎంత వండినా పోదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో తాజా చేపను వెంటనే ఉప్పునీళ్లలో ఉడికించడమే కాపాడింది.

ఉడికిన ముక్కల్ని పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెడితే హికిమస్. పొగలోని ఫినాల్‌లు అనే రసాయనాలు సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, కొవ్వు కంపు కొట్టకుండా చూస్తాయి. తేమ పోయాక బాక్టీరియాకు పెరిగే దారుండదు. 14వ శతాబ్దంలో ఇక్కడ ఖాజీగా ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, చేపను నాలుగు ముక్కలు చేసి, కాస్త ఉడికించి, ఆకుల బుట్టల్లో పొగబెట్టే పద్ధతిని రాసిపెట్టాడు. పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ఉడికించిన నీళ్లనూ పారబోయరు. ఆ తేట చారు గరుదియా. అన్నంలో పోసుకుని, నిమ్మకాయ పిండుకుని, ఉల్లిపాయ, మిరపకాయ నంజుకుంటారు. అదే చారును గంటల తరబడి మరిగిస్తే నీళ్లన్నీ ఇగిరి, చిక్కటి ముదురు గోధుమరంగు ముద్ద దిగుతుంది. అది రిహాకురు. ఉప్పు బాగా చిక్కబడటం వల్ల సీసాలో నెలల తరబడి నిలవుంటుంది. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి మొదటిసారి చాలా కొంచెమే రొట్టెకు రాసుకోవాలి.

పొద్దున్నే హోటాకి వెళ్తే మస్ హుని దొరుకుతుంది. ట్యూనా, కొబ్బరి తురుము, ఉల్లి, మిరప, నిమ్మరసం చేత్తో నలిపి, రోషి అనే పల్చటి రొట్టెతో ఇస్తారు. కొబ్బరిలోని కొవ్వు ఉప్పదనాన్ని మెత్తబరిస్తే, నిమ్మ పులుపు చేప వాసనను తగ్గిస్తుంది. సాయంత్రం గుళ, బజియా లాంటి వేపుళ్లు బల్ల మీదికొస్తాయి. వాటి లోపల కూడా చేపా కొబ్బరే.