ఇంజినీరింగ్ విద్యార్థికి చరిత్ర పాఠం ఎందుకు?

కంప్యూటర్ సైన్స్ కోసం చేరినవాళ్లు తత్వశాస్త్రం పరీక్ష ఎందుకు రాయాలి? అమెరికా కాలేజీల్లో జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ సబ్జెక్టులో చేరినా అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సుల మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఇదే. ఒకప్పుడు దీనికి తావే లేదు. అందరిదీ ఒకే చదువు: లాటిన్, గ్రీకు, గణితం. 1828లో యేల్ కాలేజీ నివేదిక దాన్నే గట్టిగా సమర్థించింది. బుద్ధికి పదును పెట్టడం, అందులో జ్ఞానం నింపడం కాలేజీ పని అని, రెండింట్లో పదునే బహుశా ముఖ్యమని చెప్పింది.

ఆ కట్టుబాటును తెంచింది హార్వర్డ్. 1869 నుంచి 40 ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్, ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకోండన్నారు. ఆ శతాబ్దం చివరికి మొదటి ఏడాది ఇంగ్లిష్ రచన తప్ప దాదాపు ఏదీ తప్పనిసరి కాదు. స్వేచ్ఛ బాగానే ఉంది కానీ, చాలామంది తేలిక కోర్సులు ఏరుకుని డిగ్రీతో బయటపడ్డారు. 1909లో ఆయన తర్వాత అధ్యక్షుడిగా వచ్చిన లోవెల్ దీనికి పగ్గం వేశారు: ఒక సబ్జెక్టు లోతుగా, మిగతావి తలా కొంచెం. నేటికీ చాలా కాలేజీల్లో నడిచేది ఈ రాజీ సూత్రమే.

అసలు ఉమ్మడి చదువు కోసం గట్టిగా ప్రయత్నించింది కొలంబియా. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక శిక్షణ పొందే విద్యార్థులకు యుద్ధ కారణాలు చెప్పిన కోర్సు స్ఫూర్తితో, 1919లో సమకాలీన నాగరికత కోర్సు పెట్టింది. 1945లో హార్వర్డ్ కమిటీ మరో అడుగు ముందుకేసి, స్పష్టంగా ఆలోచించడం, దాన్ని చెప్పగలగడం, సరైన నిర్ణయానికి రావడం, విలువల తేడా పసిగట్టడం అనే నాలుగు లక్ష్యాలు పెట్టింది. విచిత్రం ఏమిటంటే, అందరికీ ఒకే కోర్సులన్న ఆ కమిటీ సూచనను హార్వర్డ్ అధ్యాపకులే పూర్తిగా ఒప్పుకోలేదు. 1969లో బ్రౌన్ యూనివర్సిటీ అయితే ఇలాంటి తప్పనిసరి కోర్సులనే ఎత్తేసింది.

1980ల నుంచి కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థలు 'ఏం బోధించారు' కన్నా 'ఏం నేర్చుకున్నారు' అని అడగడం పెంచాయి. దాంతో రాయడం, మాట్లాడటం, లెక్కలతో తర్కించడం, సమాచారాన్ని బేరీజు వేయడం లక్ష్యాలుగా కాగితం మీదకెక్కాయి. లక్ష్యాలు మంచివే. చిక్కంతా ఏ కోర్సుతో ఏ లక్ష్యం తీరుతుందో తేల్చే దగ్గరే. కోర్సు జనరల్ ఎడ్యుకేషన్ జాబితాలో ఉంటేనే విద్యార్థులు వస్తారు, వాళ్లను బట్టే చాలాచోట్ల విభాగానికి నిధులు, పోస్టులు. అందుకే ఆ జాబితా తేల్చే కమిటీల సమావేశాల్లో చదువు కన్నా సీట్ల బేరమే ఎక్కువ వినిపిస్తుంది.