బ్యాంకులో చెల్లని ఇంటి పట్టా

విజయవాడలో కొండ మీద ఏ ఇంటికెళ్లినా బీరువాలోనో, బియ్యం డబ్బా వెనకో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ప్రభుత్వ స్థలంలో ఉంటున్నవాళ్లకు ప్రభుత్వమే ఇచ్చే బీ-ఫారం పట్టా, ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు, రేషన్ కార్డు జిరాక్సు మడతలు పడి ఉంటాయి. ఆ పట్టా కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. అదే కవరు పట్టుకుని బ్యాంకుకెళ్లి ఇంటి మీద లోను అడిగితే, "ఇది కుదరదమ్మా, రిజిస్టర్డ్ డాక్యుమెంటు ఉండాలి" అంటారు. ఈ ఊళ్లో పేదల అప్పుల కథ ఆ మాట దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

రైల్వే జంక్షన్, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, ఆ తర్వాత ఆటోనగర్. విజయవాడ ఎప్పుడూ పని దొరికే ఊరే. పని కోసం వచ్చినవాళ్లకు తలదాచుకోను దొరికింది మాత్రం మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం, చిట్టినగర్ కొండవాలు, కృష్ణలంకలో ఏటి ఒడ్డు, బుడమేరు వాగు పక్క పల్లం. కొండ మీద ఇల్లు కట్టాలంటే ఇసుక, ఇటుక, సిమెంటు అన్నీ మెట్ల మీదుగా మోయించాలి. కింద అయ్యే ఖర్చుకు ఆ మోత కూలీ అదనం. అందుకే ఒక గది ఇప్పుడు, స్లాబు అయిదేళ్లకు, మెట్ల పక్క గోడ ఇంకెప్పుడో. ఇల్లు విడతలవారీగా లేస్తుంది, ప్రతి విడతకూ ఒక అప్పు.

ప్రభుత్వ స్థలంలో ఉంటున్నవాళ్లకు పట్టాలిచ్చారు గానీ, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వాటిని అమ్మకూడదంది. పేదవాణ్ని మాయచేసి ఆ జాగా ఎవరూ లాక్కోకూడదన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. బ్యాంకులకు తాకట్టు పెట్టడానికి ఆ చట్టంలో వీలు కూడా ఉంది. కానీ అప్పు తీరకపోతే వేలం వేసినా కొనేవాడు దొరకడు అనుకునే ఇంటి మీద ఏ మేనేజరు సంతకం పెడతాడు? ఇళ్ల స్థలాలను ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముకునే వీలు 2019లో వచ్చింది, 2021లో ఆ గడువును పదేళ్లకు తగ్గించారు. అప్పటికి ఒక తరం స్లాబులు వేసేసుకుంది, వడ్డీలూ కట్టేసింది.

ఆ డబ్బు ఎక్కడిదంటే, చాలావరకు డైలీ ఫైనాన్సు. పది వేలు అడిగితే ముందే వెయ్యి కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బండి మీద వచ్చే కుర్రాడు అట్ట కార్డు మీద గడి కొట్టి వెళ్తాడు. వినడానికి నూటికి పది రూపాయలే. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గిపోతూ ఉంటుంది, వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. ఆ లెక్కన ఏడాదికి వడ్డీ దాదాపు 80 శాతం. ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమెకు ఈ లెక్క తెలియక కాదు. పొద్దున పిండికి, గ్యాసుకు డబ్బు కావాలి, అది ఆ రాత్రికే ఇచ్చేవాడు అతనొక్కడే.

దీనికి మన రాష్ట్రం చూపిన గట్టి జవాబు డ్వాక్రా, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘాలు. కేంద్రం 1982లో మొదలుపెట్టిన పథకం ఇక్కడ సారా ఉద్యమం తర్వాత ఊరూరా పాకింది. రోజుకు రూపాయి పొదుపుతో మొదలైన సంఘాలకు బ్యాంకులు పూచీకత్తు అడక్కుండా అప్పులిచ్చాయి. 2004లో నూటికి నెలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. పట్టణాల్లో సంఘాలను చూసుకోవడానికి 2007లో మెప్మా పెట్టారు. ఆడవాళ్లు తమ పేరు మీద బ్యాంకు మెట్లెక్కడం అప్పటిదాకా లేని సంగతి, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే గ్రూపు లోను పదిమందీ పంచుకున్నాక ఒక్కొక్కరికి మిగిలేది కుట్టుమిషనుకో, పిల్లల ఫీజుకో సరిపోతుంది. స్లాబుకు చాలదు.

ఆ ఖాళీలోకే మైక్రోఫైనాన్స్, అంటే పేదల గ్రూపులకు చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సంస్థలు వచ్చాయి. దేశంలో పెద్దవైన సంస్థల్లో ఒకటి 1998లో గుంటూరులోనే పుట్టింది. వారం వారం వాయిదా. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లే కట్టాలి. ఒకే ఇంట్లో నాలుగు సంస్థల అప్పులు, ఒకదానితో ఇంకోటి తీర్చడం. వేధింపుల ఫిర్యాదులు పెరిగి, 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు ఈ సంస్థల బ్రాంచీలు యాభైకి పైగా మూయించారు. దేశమంతా తర్వాత మాట్లాడుకున్న గొడవ మొదట రేగింది ఇక్కడే. 2010 అక్టోబరులో ఈ సంస్థల మీద రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది. ఇంటి ముందుకొచ్చి వసూలు చేయకూడదు, వాయిదా నెలకోసారే, వడ్డీ అసలును మించకూడదు. జనం కట్టడం మానేశారు, సంస్థలు కొత్త అప్పులివ్వడం ఆపేశాయి. అవసరాలు మాత్రం ఆగలేదు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ (అడిగిన వెంటనే భారీ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు అప్పు) కేసులు బయటపడ్డప్పుడు ఖాళీ ప్రాంసరీ నోట్లు, ఖాళీ చెక్కులు, ఆడవాళ్ల మీద దౌర్జన్యాలు అన్నీ వెలుగులోకి వచ్చాయి. ఒక దారి మూసినప్పుడు రెండో దారి తెరవకపోవడమే దీని వెనకున్న తప్పని నేనంటాను.

ఇళ్ల వైపు ప్రయత్నాలూ తక్కువేం కావు. 2001లో కేంద్రం ప్రకటించిన మురికివాడల ఇళ్ల పథకం వాంబే కింద సింగ్‌నగర్ అవతల కాలనీ లేచింది, ఇప్పటికీ దాని పేరు వాంబే కాలనీయే. తర్వాత కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో ఊరి బయట జక్కంపూడిలో ఇళ్లు కట్టారు. వన్‌టౌన్‌లో మూటలు మోసే ముఠా పని చేసేవాడికి జక్కంపూడి నుంచి రానూపోనూ ఆటో ఖర్చే ఒక వాయిదా. పట్టణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లకు ఎట్టకేలకు లబ్ధిదారుల పేరు మీదే బ్యాంకు లోన్లు వచ్చాయి. కానీ చాలాచోట్ల తాళం చేతికి రాకముందే వాయిదా కట్టమని నోటీసులు వచ్చాయి. అద్దె ఒక పక్క, ఈఎంఐ టెన్షన్ ఇంకో పక్క.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాడు బుడమేరు సింగ్‌నగర్‌ను, వాంబే కాలనీని ముంచేసింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవాళ్లకు 10,000 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. బ్యాంకర్లను పిలిచి, వరద బాధితుల వాయిదాలు వెనక్కి జరపమని అడిగింది. అట్ట కార్డు పట్టుకుని సాయంత్రం వచ్చే కుర్రాడి యజమాని ఏ ప్రభుత్వ జాబితాలోనూ ఉండడు, అతన్ని అలాంటి సమావేశానికి పిలిచే వీల్లేదు.