రోజంతా లెక్కలు చేస్తే ఇంట్లో కంప్యూటర్ అరిగిపోతుందా?

డిగ్రీ చదివే ఒక కుర్రాడు అడిగాడు: "సార్, మా డెస్క్‌టాప్‌లో బోయింక్ వేద్దామంటే, రాత్రింబవళ్ళు తిప్పితే మిషన్ అరిగిపోతుందిరా అని నాన్న వద్దంటున్నారు. నిజమేనా?"

బోయింక్ అంటే ఖాళీగా ఉన్న మన కంప్యూటర్‌తో శాస్త్రవేత్తల లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్. బర్కిలీలో పుట్టింది. 2010లో బోయింక్ మీద నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో ఒక కొత్త పల్సార్, అంటే గిర్రున తిరిగే మృత నక్షత్రం, దొరికిందంటే, అది అమెరికాలోని అయోవాలో ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలో మరొకరి కంప్యూటరు చేసిన లెక్కల్లోంచే బయటపడింది. ఇంత మంచి పనిని ఉత్త భయంతో ఎవరూ మానుకోకూడదు, అలాగని నిజమైన నష్టం ఉంటే దాచనూ కూడదు.

అరగడం అనగానే మనకి బండి టైరు గుర్తొస్తుంది, తిరిగిన కొద్దీ రబ్బరు పోతుంది. ప్రాసెసర్‌లో అలా ఒకదానికొకటి రాసుకునే భాగాలే లేవు. ఆ పెట్టెలో టైరులా అరిగేవి ఫ్యాన్లు, పాతకాలపు హార్డ్ డిస్క్ ఉంటే అది. ఫ్యాన్ గరగరమంటే మార్చేయొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. మిగతా భాగాలను ముసలివి చేసేది వేడి. అందులో నాకు బాగా ఇష్టమైనది, కరెంటును కాసేపు నిల్వ ఉంచి సమంగా అందించే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కథ.

పాత పవర్ సప్లై ఎప్పుడైనా విప్పి చూశారా? చిన్న చిన్న అల్యూమినియం డబ్బీలు నిలబెట్టి ఉంటాయి, పైన గీతలు గీసి ఉంటాయి. లోపల అల్యూమినియం రేకు, దాని మీద అతి పల్చటి ఆక్సైడ్ పొర, మధ్యలో ద్రవంలో తడిపిన కాగితం. కింద రబ్బరు బిరడా. ఆ ద్రవం ఏళ్ళ తరబడి ఆవిరై రబ్బరు గుండా బయటికి పోతూనే ఉంటుంది. ద్రవం తగ్గితే లోపలి నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే ఆ డబ్బీ తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది, దాంతో ద్రవం ఇంకా తొందరగా పోతుంది. చివరికి పైభాగం ఉబ్బి ఆ గీతల దగ్గర పగులుతుంది, అవి గీసిందే అందుకు.

ఇంటర్ రెండో ఏడు కెమిస్ట్రీలో ఆర్హీనియస్ సమీకరణం అందరం బట్టీ పట్టినదే. 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపు. అదే సూత్రం మన బల్ల కింద పెట్టెలో పనిచేస్తోందని ఏ లెక్చరరైనా ఒక్కసారి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు! డబ్బీ మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది, మామూలు రకమైతే ఆ వేడి దగ్గర 2,000 గంటలు హామీ. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. అంటే 85 దగ్గర 8,000, 65 దగ్గర 32,000, 55 దగ్గర 64,000 గంటలు. ఆపకుండా నడిపితే 65 దగ్గర మూడున్నరేళ్ళు పైచిలుకు, 55 దగ్గర ఏడేళ్ళు పైనే. మంచి మదర్‌బోర్డుల్లో వాడే, లోపల ద్రవం లేని సాలిడ్ పాలిమర్ కెపాసిటర్లకు ఈ బెంగ చాలా తక్కువ.

ఇప్పుడు గది వేడి చూడండి. జనవరి రాత్రి 22 డిగ్రీల గదికీ, మే నెల 40 డిగ్రీల గదికీ తేడా 18. పెట్టె లోపల కూడా వేడి దాదాపు అంతే పెరుగుతుంది. ఆ లెక్కన అదే పనికి వేసవిలో కెపాసిటర్ మూడున్నర రెట్లు వేగంగా ముసలిదవుతుంది. కాబట్టి కార్తీకం నుంచి శివరాత్రి దాకా హాయిగా నడపండి, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఆపేయండి. చలిదేశాల వాళ్ళు "ఏం కాదు" అని ఇచ్చే భరోసాని మనం యథాతథంగా తీసుకోలేం. మన దగ్గర దుమ్ము కూడా ఎక్కువ, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ అనే లోహపు దిమ్మ రెక్కల మధ్య అది దుప్పటిలా పేరుకుంటుంది, బ్రష్‌తో దులపాలి.

ఇంకోటి సోల్డర్, అంటే చిప్‌లను బోర్డుకి అతికించే లోహం. సిలికాన్ వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, బోర్డు చాలా ఎక్కువ, మధ్యలో నలిగేది సోల్డరే. దీనికి నిలకడగా ఉండే వేడి కంటే వేడెక్కి చల్లారడమే ఎక్కువ చేటు. బోయింక్‌లో సీపీయూ టైమ్ శాతం తగ్గిస్తే అది పనిని క్షణానికోసారి ఆపుతూ మొదలుపెడుతూ ఉంటుంది. దాని బదులు పనిచేసే కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) సంఖ్య తగ్గించండి, ప్రాసెసర్ వేగాన్ని తనంతట తానే పెంచుకునే టర్బో ఆపేయండి. టర్బో ఆపితే పని కొంచెమే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

ప్రాసెసర్ లోపల ఎలక్ట్రోమైగ్రేషన్ అనేదొకటి ఉంది. ఎలక్ట్రాన్లు ఢీకొట్టి తీగల్లోని లోహపు పరమాణువులను మెల్లగా పక్కకి నెట్టేస్తాయి. కరెంటు సాంద్రత పెరిగితే ఆయుష్షు సుమారు దాని వర్గం లెక్కన తగ్గుతుందనీ, వేడికి ఇంకా వేగంగా తగ్గుతుందనీ 1960ల్లో మోటరోలాలో జేమ్స్ బ్లాక్ లెక్క కట్టాడు. తయారీదారులు ఇది చూసుకునే చిప్ డిజైన్ చేస్తారు. వోల్టేజి పెంచి ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళకే, అంటే చిప్‌ని నిర్ణీత వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించేవాళ్ళకే టెన్షన్.

ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దనే అంటాను. ఫుల్ ఛార్జిలో, వేడిలో రోజంతా ఉంటే లిథియం బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. డెస్క్‌టాప్ అయితే శుభ్రంగా నడపొచ్చు. కాకపోతే అదనంగా 100 వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలకి 72 యూనిట్లు, మీ ఇంటి బిల్లు పై శ్లాబులోకి వెళ్తుందేమో ముందు చూసుకోండి.