ప్రాసెసర్ వేడి ఎక్కడ ఆగిపోతోంది?

బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి, చేతులు మారి చిత్తూరు, తిరుపతి ఇళ్లకు చేరే డెస్క్‌టాప్‌లు ఎన్నో. అక్కడ ఏసీ గదిలో 24 డిగ్రీల గాలి పీల్చిన మిషన్ ఇక్కడ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 38 డిగ్రీల గదిలో నడవాలి. లోపల ఏదీ చెడిపోకపోయినా ప్రాసెసర్ 14 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అందుకే స్క్రీన్ మీద కనిపించే అంకెలోంచి ముందు గది వేడిని తీసేసి చూడాలి.

ఇలాంటి మిషన్లలో తరచుగా కనిపించే ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-4590నే తీసుకుందాం. దాని డిజైన్ వేడి, అంటే పూర్తి పనిలో అది వదిలే వేడి, 84 వాట్లు. ఆ వేడిని లాక్కుని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ, హీట్ సింక్, ఒక్కో వాట్‌కు అర డిగ్రీ చొప్పున వేడెక్కేదైతే, ప్రాసెసర్ గది కంటే 42 డిగ్రీలు పైన ఉంటుంది. అంటే ఏసీ గదిలో 66, మన గదిలో 80. రెండూ ఆరోగ్యమే. ఆ చిప్ హద్దు 100 డిగ్రీలు. దాన్ని తాకగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఈ ఆగిపోవడాన్ని చూసి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె మార్చేవాళ్లు, విండోస్ మళ్లీ వేయించేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు ఖర్చు పెట్టేముందు పది నిమిషాల పరీక్ష ఒకటి చేయాలి.

ప్రాసెసర్ వేడిని చూపించే కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రాం తెరిచి, ఫైళ్లను కుదించే 7-జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్ (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే పరీక్ష) నడపండి. వేడి ఎంతకు చేరిందన్న దానికన్నా ఎంత త్వరగా చేరిందన్నది ఎక్కువ చెబుతుంది. లోడ్ పడగానే 15, 20 డిగ్రీలు గెంతడం మామూలే. 50 దగ్గరున్నది రెండు మూడు సెకన్లలో 95కు చేరి, బెంచ్‌మార్క్ ఆపగానే అంతే వేగంగా పడిపోతే, వేడి హీట్ సింక్‌లోకి వెళ్లడం లేదన్నమాట. అలా కాకుండా ఎనిమిది, పది నిమిషాలపాటు మెల్లగా ఎక్కి, ఆపాక కూడా చాలాసేపు దిగకపోతే, వేడి హీట్ సింక్ దాకా వచ్చి గాలిలో కలవలేకపోతోంది.

దీని వెనక లెక్క చిన్నదే. 300 గ్రాముల అల్యూమినియం హీట్ సింక్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 270 జౌళ్లు కావాలి. 84 వాట్ల ప్రాసెసర్ ఆ శక్తిని ఇవ్వడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయినా హీట్ సింక్ 30 డిగ్రీలు ఎక్కడానికి నిమిషంన్నర కావాలి. కాబట్టి రెండు సెకన్లలో 45 డిగ్రీల గెంతు ఫ్యాన్ తప్పు కానే కాదు. ఫ్యాన్ మార్చినా ఉపయోగం ఉండదు.

తప్పు ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య ఉంది. ప్రాసెసర్ పైనుండే లోహపు మూత, హీట్ సింక్ అడుగు చూపుకి నున్నగా ఉన్నా గరుకే. వాటి మధ్య గుంటల్లో గాలి ఉంటుంది. వేడిని దాటించే గుణం, అంటే ఉష్ణవాహకత, అల్యూమినియంది 237 అనుకుంటే గాలిది 0.026. ప్రాసెసర్ మూత సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. దాని నిండా 0.05 మిల్లీమీటర్ల గాలి పొర ఉంటే 84 వాట్లు దాటడానికి 180 డిగ్రీల తేడా కావాలి. అదే మందంలో, ఉష్ణవాహకత 4 ఉన్న థర్మల్ పేస్ట్ (ఆ రెండింటి మధ్య పూసే ముద్ద) ఉంటే ఒకటింబావు డిగ్రీ చాలు. పేస్ట్ పని ఆ గాలిని తరిమేయడమే. పేస్ట్‌నే అర మిల్లీమీటరు మందంగా మెత్తితే తేడా 12 డిగ్రీలకు పెరుగుతుంది. ఖరీదైన పేస్ట్ కంటే పల్చని పొర, సరైన బిగింపు ముఖ్యం అని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ పేస్ట్‌లోని నూనె జారిపోయి, మిగిలింది పొడిబారి పెళుసవుతుంది.

విప్పే ముందు మిషన్‌ని ఓ పది నిమిషాలు నడిపితే పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత వైరు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, క్యాబినెట్ ఇనుమును తాకి పని మొదలుపెట్టండి. హీట్ సింక్‌ని అటూ ఇటూ కొంచెం మెలితిప్పాకే పైకి లేపాలి. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లున్న ఏఎం3, ఏఎం4 సాకెట్ల మిషన్లలో ఇది మరీ ముఖ్యం. తిప్పకుండా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగిపోతాయి.

పాత పేస్ట్ తుడవడానికి మొబైల్ రిపేరు షాపుల్లో వాడే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ కావాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. కొత్త పేస్ట్ మూత మధ్యలో కందిగింజంత పెట్టి, హీట్ సింక్ ఒత్తిడికే పరుచుకోనివ్వాలి. టూత్‌పేస్ట్ రాస్తే తొలిరోజు బాగానే కనిపిస్తుంది, నీరు ఆరిపోగానే మొదటికొస్తుంది. ద్రవ లోహం పేరుతో అమ్మేది అల్యూమినియం హీట్ సింక్‌కి అసలు వాడకూడదు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఎక్కువ తప్పులు జరిగేది బిగింపు దగ్గర. ఇంటెల్ కూలర్లకు (హీట్ సింక్, ఫ్యాన్ కలిసిన జత) ఉండే నాలుగు ప్లాస్టిక్ పిన్నులను బాణం గుర్తు వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడతాయి. మళ్లీ పెట్టేముందు వాటిని వెనక్కి తిప్పాలి. ఎదురెదురు మూలల్లో జతగా, క్లిక్ మనేదాకా నొక్కాలి. బోర్డు వెనక నాలుగు పిన్నుల కొసలూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో కళ్లతో చూడాలి. పాత ప్లాస్టిక్ పెళుసు. ఒక్క పిన్ను పట్టు వదిలినా ఆ మూల లేచి గాలి దూరుతుంది. కొత్త పిన్నుల సెట్ వేయడమే మందు. స్క్రూలు ఉన్న మోడళ్లలో ఒకదాన్ని పూర్తిగా బిగించేయకుండా, ఎదురెదురుగా రెండేసి చుట్లు తిప్పుతూ రావాలి.

మెల్లగా ఎక్కే వేడికి వైద్యం సులువు. ఫ్యాన్ తీసి చూస్తే హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. మెత్తని పెయింట్ బ్రష్‌తో రాల్చి, బ్లోవర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఫ్యాన్ మార్చాల్సి వస్తే సైజుతోపాటు కనెక్టర్ చూడాలి. కొన్ని బ్రాండెడ్ మిషన్లలో మామూలు 4 పిన్నులకు బదులు 5 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. బజారులో దొరికే ఫ్యాన్ దానికి అతకదు, ఆన్ చేయగానే ఫ్యాన్ ఫెయిల్ అని చూపించవచ్చు. ఇక క్యాబినెట్‌ని టేబుల్ అరలోంచి బయటికి తీసి, వెనక గోడకు 10, 15 సెంటీమీటర్ల దూరం వదలాలి. అరలో ఉంటే తను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటుంది. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్‌ను మాత్రం క్యాబినెట్ వైపు తిప్పకండి.

పని అయ్యాక అదే బెంచ్‌మార్క్‌ని, గది వేడి రాసుకుని మళ్లీ నడపండి. పొద్దున తీసిన అంకెను మధ్యాహ్నం అంకెతో పోల్చకూడదు. అన్నీ చేశాక కూడా ఎండాకాలంలో 95 దగ్గరే ఉంటే, విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గించండి. టర్బో, అంటే ప్రాసెసర్ తన వేగాన్ని మామూలు కంటే పెంచుకోవడం, ఆగిపోతుంది. ఐ5-4590 అయితే 3.7 గిగాహెర్ట్జ్ దాకా పోకుండా 3.3 దగ్గర నిలుస్తుంది. రోజువారీ పనుల్లో తేడా పెద్దగా తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది. వానలు పడ్డాక తిరిగి 100 చేసుకోవచ్చు.