ధాన్యం మద్దతు ధరకు 1986 నాటి కొలబద్ద

రైతు దగ్గర మద్దతు ధరకు ధాన్యం కొని, రేషన్ దుకాణాల్లో చవకగా పంచే భారతదేశపు పద్ధతి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలకు లోబడి ఉందా లేదా అన్న వివాదం 2013 నుంచీ తెగడం లేదు. ఇది సబ్సిడీల గొడవగానే వార్తల్లోకి వస్తుంది గానీ, లోతుకు వెళ్తే పేచీ ఒక పాత ధర దగ్గర తేలుతుంది.

1947లో జెనీవాలో గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) కుదుర్చుకున్న 23 దేశాల్లో భారత్ ఒకటి. పారిశ్రామిక సరుకులపై సుంకాలు చర్చల రౌండు రౌండుకూ తగ్గుతూ వచ్చినా, వ్యవసాయం మాత్రం చాలాకాలం ఆ ఒప్పందం పట్టుకు చిక్కలేదు. అందుకు బాధ్యులు పేద దేశాలు కావు. తన వ్యవసాయ దిగుమతి ఆంక్షల కోసం 1955లో ప్రత్యేక మినహాయింపు తీసుకున్నది అమెరికాయే. తర్వాత యూరప్ తన ఉమ్మడి వ్యవసాయ విధానంతో అదే దారి పట్టింది. 1980లలో ఈ రెండు పక్షాలూ పోటీపడి ఎగుమతి సబ్సిడీలు గుమ్మరించడంతో అంతర్జాతీయ ధరలు కుంగిపోయాయి. ఆ నేపథ్యంలోనే 1986 సెప్టెంబరులో ఉరుగ్వే రౌండ్ అనే కొత్త విడత గాట్ చర్చలు మొదలయ్యాయి. 1992 నవంబరులో వాషింగ్టన్‌లోని బ్లెయిర్ హౌస్‌లో ఆ ఇద్దరూ రాజీపడ్డాక గానీ చర్చలు ముందుకు కదలలేదు. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్‌లో సంతకాలయ్యాయి; గాట్ స్థానంలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది వాటితోనే.

అక్కడ పుట్టిన వ్యవసాయ ఒప్పందం ప్రకారం, ప్రభుత్వం కొనే ధరకూ 1986–88 నాటి అంతర్జాతీయ ధరకూ ఉన్న తేడా మొత్తాన్ని సబ్సిడీగా లెక్కగట్టాలి. మన లాంటి వర్ధమాన దేశాల్లో అది పంట విలువలో పది శాతం దాటకూడదు. ఆ మూడేళ్లలో మన మద్దతు ధరలు అంతర్జాతీయ ధరలకన్నా తక్కువ కాబట్టి లెక్క సున్నాకు కిందే తేలింది. దాంతో ఆ సూత్రం ఇబ్బందిగా కనిపించలేదు, పది శాతానికి మించిన వెసులుబాటూ మనకు దక్కలేదు. అప్పటికే భారీగా సబ్సిడీలిస్తున్న సంపన్న దేశాలు మాత్రం, కొంత కోతకు ఒప్పుకుని, మిగతాది హక్కుగా నిలుపుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం 1983లోనే మొదలైందన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగ్గ విషయం: సేకరించి పంచే పద్ధతి ఈ నిబంధనకన్నా పాతది.

లెక్క ఎలా పనిచేస్తుందో 2018–19 ధాన్యంతో చూడవచ్చు. క్వింటాలు మద్దతు ధర 1,750 రూపాయలు. మర ఆడిస్తే 67 శాతం బియ్యం వస్తుందనుకుంటే, టన్ను బియ్యం సుమారు 26,000 రూపాయలు, అప్పటి మారకంలో 370 డాలర్ల పైచిలుకు. 1986–88 ధర 262 డాలర్లు. ఈ తేడాను ఆ ఏడాది ప్రభుత్వం సేకరించిన సుమారు 4.4 కోట్ల టన్నులతో గుణిస్తే దాదాపు 500 కోట్ల డాలర్లవుతుంది. వరి పంట విలువ 4,367 కోట్ల డాలర్లు కావడంతో పది శాతం గీత దాటిపోయింది. రూపాయల్లో లెక్కవేసి, సేకరించిన బియ్యానికి బదులు పండిన పంట మొత్తాన్నీ కలపాలన్నది అమెరికా వాదన. ఆ పద్ధతిలో అంతకుముందు సంవత్సరాలకు వరి సబ్సిడీ 70 శాతం పైనే అని 2018లో అది జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో నమోదు చేసింది.

ఆహార భద్రతా చట్టం వచ్చిన 2013లోనే, డిసెంబరులో బాలిలో జరిగిన ఆ సంస్థ మంత్రుల సమావేశం ‘శాంతి నిబంధన’ను ఇచ్చింది: శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఇలాంటి పథకాలపై కేసులు వేయరు. ఆ హామీకి గడువుందన్న అనుమానంతో భారత్ 2014 జులైలో, సరిహద్దుల్లో సరుకుల రాకపోకలను సులభం చేసే వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని అడ్డుకుని, నవంబరులో గడువేమీ లేదన్న స్పష్టత రాబట్టింది. మొండితనమని విమర్శలొచ్చినా, ఆ బిగింపు లేకపోతే అంత స్పష్టత వచ్చేదని అనుకోలేం. 2020లో, 2018–19 బియ్యం లెక్క విషయంలో భారత్ ఆ నిబంధనను తొలిసారి ఆశ్రయించింది.

ఎదుటివాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసేది భారతే కనుక, సేకరణ వల్ల తమ మార్కెట్లు దెబ్బతింటున్నాయన్న థాయ్‌లాండ్ లాంటి దేశాల ఫిర్యాదుకు కొంత బలముంది.

2017లో బ్యూనస్ ఐరిస్ మంత్రుల సమావేశంలోనూ, 2024లో అబుదాబి సమావేశంలోనూ శాశ్వత పరిష్కారం కుదరలేదు. బాలి రక్షణ 2013 డిసెంబరు 7 నాటికి ఉన్న పథకాలకే వర్తిస్తుంది. కొత్త పథకాలకూ దాన్ని విస్తరించాలని, 1986–88 ధరను మార్చాలని భారత్ ఉన్న వర్ధమాన దేశాల జీ–33 కూటమి, ఆఫ్రికా దేశాలు 2022లో కలిసి ప్రతిపాదించాయి.