స్కూల్ బోర్డుకు పోటీ చేద్దామనుకుంటున్నారా? టెక్సస్‌లో మనవాళ్ళ అపోహలు, వాస్తవాలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న సబర్బ్‌లలో మూడు స్కూల్ బోర్డు (ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్ళను చూసుకునే, ఓటర్లు ఎన్నుకునే కమిటీ) ప్రచారాలకు ట్రెజరర్‌గా లెక్కలు రాశాను. నాలుగోసారి నేనే నిలబడ్డాను, ఓడిపోయాను. ఏటా జనవరి రాగానే ఎవరో ఒకరు ఫోన్ చేసి "అక్కా, ఈసారి మనవాళ్ళు ఒకరు నిలబడాలి" అంటారు. మేలో ఎన్నిక ఉన్నచోట ఫిబ్రవరి మధ్యకల్లా దరఖాస్తు పడాలి, అందుకే ఆ హడావిడి. ఆ ఫోన్లలో ప్రతిసారీ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇవి టెక్సస్ సంగతులు, వేరే రాష్ట్రాల్లో రూల్స్ వేరు.

అపోహ: ఉగాది ఫంక్షన్‌కు 400 మంది వచ్చారు, ఇక గెలిచినట్టే.

నేను ఓడింది ఇక్కడే. ఆ 400లో ముందు పిల్లల్ని తీసేయండి. హెచ్-1బీ, గ్రీన్ కార్డు వాళ్ళను తీసేయండి. వాళ్ళు ఓటేస్తే నేరం, ఈ దేశంలో ఉండడానికే ఎసరు వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసేయండి. పక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొన్నవాళ్ళనూ తీసేయండి. ఊరు ఒకటే అయినా వీధికి అవతలి ఇళ్ళు వేరే ఐఎస్‌డీలో (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) ఉండడం ఇక్కడ మామూలే. ఇక మిగిలినవాళ్ళలో పౌరసత్వ ప్రమాణం చేసి, ఫొటోలు పెట్టి, ఓటరుగా నమోదు కావడం మర్చిపోయినవాళ్ళు ఉంటారు. పౌరసత్వం వచ్చినంత మాత్రాన ఓటు దానంతటదే రాదు. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదై ఉండాలి, చాలామందికి కాగితం నింపి సంతకం పెట్టి పంపడమే దారి.

ఇవన్నీ పోగా మా హాల్లో మిగిలిన ఓట్లు అరవై లోపే. ఓటర్ల జాబితా ముందేసుకుని ఆ లెక్క వేసేసరికి ముందస్తు ఓటింగ్ కూడా అయిపోయింది.

ఆ జాబితానే మొదటి రోజు తెచ్చుకోవాల్సింది. గత మే ఎన్నికల్లో ఎవరు ఓటేశారో (ఎవరికి వేశారో కాదు) అందులో ఉంటుంది. తట్టాల్సిన తలుపులు అవే. తీసేది చాలావరకు పెద్దవాళ్ళు, వాళ్ళ పిల్లలు బడి దాటి ఇరవై ఏళ్ళయి ఉంటుంది. వాళ్ళు అడిగేది రోబోటిక్స్ గురించి కాదు, ఇంటి పన్ను గురించి. దానికి జవాబు లేకుండా గుమ్మం ఎక్కకండి.

అపోహ: దీనికి బోలెడు డబ్బు కావాలి.

నామినేషన్ ఫీజు లేదు. దరఖాస్తు మీద నోటరీ ముందు సంతకం పెట్టాలి. పౌరసత్వం, ఓటరు నమోదు, రాష్ట్రంలో ఏడాది, డిస్ట్రిక్ట్‌లో ఆరు నెలల నివాసం ఉంటే చాలు. పిల్లలు ఆ స్కూళ్ళలో చదవాలన్న నియమం లేదు. అసలు చిక్కు డబ్బు తక్కువ కావడం వల్ల కాదు, తప్పు డబ్బు వల్ల వస్తుంది. ట్రెజరర్ నియామక పత్రం ఇవ్వకముందు ఒక్క డాలరు తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. ఉత్సాహంగా ముందే వెబ్‌సైట్ పేరు కొనేసిన అభ్యర్థి ఒకరు నాకు తగిలారు.

ఇంకోసారి హెచ్-1బీ మీదున్న తమ్ముడొకడు 500 డాలర్ల చెక్కు తెచ్చాడు. తిరిగి ఇచ్చేస్తే, "పోనీ ఇళ్ళ ముందు పెట్టే ప్రచార సైన్లు నేను ప్రింట్ చేయిస్తానక్కా" అన్నాడు. అదీ చందా కిందే లెక్క. గ్రీన్ కార్డు లేని విదేశీయులు అమెరికాలో ఏ ఎన్నికకూ చందా ఇవ్వకూడదు, స్కూల్ బోర్డుకైనా సరే. జీతం తీసుకోకుండా వెంట తిరిగి పని చేయవచ్చు. పాపం, ఏప్రిల్ ఎండలో మూడు శనివారాలు నాతో తిరిగాడు.

అపోహ: మన తెలుగు సంఘం చేత మద్దతు ప్రకటన ఇప్పిస్తే సరి.

సంఘానికి 501(సి)(3) హోదా, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ హోదా, ఉంటే ఫలానా వారికి ఓటేయండి అనకూడదు. అందరికీ పనికొచ్చే ఓటరు నమోదు టేబుల్ పెట్టుకోవచ్చు, మనకు నిజంగా కావాల్సింది కూడా అదే.

అపోహ: హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకోదు, ఇంటి ముందు సైన్ పెట్టలేం.

ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. అభ్యర్థికి ఒకటే అని పరిమితి పెట్టగలరు కానీ, పూర్తిగా ఆపలేరు.

అపోహ: గెలిస్తే సిలబస్ మార్చవచ్చు, టీచర్‌ను మార్పించవచ్చు.

చాలా బోర్డుల్లో ఏడుగురు ట్రస్టీలు, అంటే సభ్యులు. జీతం లేదు, మూడో నాలుగో ఏళ్ళ పదవి. సమావేశంలో మెజారిటీ ఓటు పడితే తప్ప ఒక్క ట్రస్టీకి విడిగా ఏ అధికారమూ లేదు. ఏ తరగతిలో ఏం నేర్పాలో నిర్ణయించేది రాష్ట్ర విద్యా బోర్డు. అందులో 15 మంది, వాళ్ళ ఎన్నిక వేరు. స్కూళ్ళను రోజూ నడిపేది సూపరింటెండెంట్. ఆయన్ను పెట్టుకునేదీ, పని బాగోలేకపోతే పంపించేదీ బోర్డు.

అలాగని చేతిలో ఏమీ లేదనుకోకండి. బడ్జెట్, పన్ను రేటు, క్యాలెండర్, ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకు వెళ్ళాలన్న సరిహద్దులు, అన్నీ అక్కడే తేలతాయి. 2024లో ప్లేనో బోర్డు నాలుగు స్కూళ్ళు మూసేయాలని ఓటేసింది. స్కూలు పేరు చూసి ఇల్లు కొన్నవాళ్ళకు అలాంటి ఓటు ఎంత టెన్షనో వేరే చెప్పాలా?

అపోహ: బాండ్ (ఓటర్ల ఆమోదంతో డిస్ట్రిక్ట్ చేసే అప్పు) పాసైతే టీచర్ల జీతాలు పెరుగుతాయి.

ప్రతి చర్చలో ఎవరో ఒక అభ్యర్థి ఈ మాట అని దొరికిపోతారు. బాండ్ డబ్బు భవనాలకు, బస్సులకు, కంప్యూటర్ల లాంటివాటికి. జీతాలకు వాడకూడదు. ఇంటి పన్ను బిల్లులో స్కూలు వాటా రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి రోజువారీ నిర్వహణకు, జీతాలు ఇందులోంచే. రెండోది బాండ్ అప్పు తీర్చడానికి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లు నిర్వహణ పన్నులో కొంత రాష్ట్రానికి కట్టాలి. 1993 నుంచి ఉన్న ఈ పద్ధతిని రాబిన్ హుడ్ అంటారు. "మా పన్ను పెరిగింది, స్కూలుకు డబ్బు లేదంటారేం?" అని గుమ్మంలో పెద్దాయన అడిగితే జవాబులో సగం ఇదే.

అపోహ: గెలిచాక మన వాట్సాప్ గ్రూపులో అన్నీ మాట్లాడుకోవచ్చు.

ఏడుగురిలో నలుగురు ఒక గ్రూపులో చేరి బోర్డు విషయం చర్చిస్తే అది నోటీసు ఇవ్వని సమావేశమే, చట్టం ఒప్పుకోదు. నేను లెక్కలు రాసినవారిలో ఒకాయన గెలిచారు. ఆ రాత్రే కాలనీ గ్రూపులోంచి బయటికొచ్చేశారు. ఆయన భార్య ఇంకా ఉన్నారు. బస్సు ఆలస్యమైందని ఎవరైనా పెడితే "రవాణా ఆఫీసు నంబరు ఇదిగోండి" అని ఒక్క ముక్క పెట్టి, తర్వాత మామిడికాయల ఫొటో పెడతారు.