ప్లెక్సీ, రెజిన్, ఫైబర్: పాత ఫ్రెంచ్ ప్లాస్టిక్ ఫర్నిచర్ మీద అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పాత ప్లాస్టిక్ ఫర్నిచర్ బాగుచేయడం నా పని. యూరప్‌లో ఉన్న మనవాళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇలా మొదలవుతాయి: "అన్నా, ఫ్రెంచ్ వింటేజ్ యాక్రిలిక్ కుర్చీ దొరికింది, ఫొటో పంపుతా, ఒకసారి చూడవా?" ఫొటో వస్తుంది. చాలాసార్లు అది లూయీ ఘోస్ట్ అనే పారదర్శకమైన కుర్చీయే.

అపోహ: లూయీ ఘోస్ట్ పాతకాలపు ఫ్రెంచ్ యాక్రిలిక్ కుర్చీ.

డిజైన్ గీసిన ఫిలిప్ స్టార్క్ ఫ్రెంచ్ ఆయనే. ఆకారం కూడా ఫ్రెంచ్ రాజుల కాలపు చేతుల కుర్చీదే. ఫ్రెంచ్ సంగతి అక్కడితో సరి. తయారుచేసేది ఇటలీ కంపెనీ కార్టెల్, వచ్చింది 2002లో, పదార్థం యాక్రిలిక్ కాదు, పాలికార్బొనేట్ అనే వేరే ప్లాస్టిక్. కుర్చీ మొత్తం ఒకే అచ్చులోంచి వస్తుంది. 1970ల ఫ్రెంచ్ ప్లెక్సీ బల్లలు అలా తయారైనవి కావు. యాక్రిలిక్ షీటు కోసి, వేడిచేసి వంచి, ముక్కలు అతికించి చేసేవారు. అందుకే నేను ముందు అతుకులూ అంచులూ వెతుకుతాను.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో తెల్లటి తెర పెట్టండి. దాని ముందు వస్తువు ఉంచి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుని చూడండి. తల కాస్త అటూ ఇటూ వంచాలి. అచ్చుపోసిన పాలికార్బొనేట్ అయితే కాళ్లు మొదలయ్యే చోట, చేతులు మలుపు తిరిగే చోట నీళ్ల మీద పెట్రోలు పడ్డట్టు రంగులు తేలుతాయి. పోత యాక్రిలిక్ షీటులో అవి దాదాపు కనబడవు. కొందరు సూది కాల్చి గుచ్చి, వాసన చూడమంటారు. అమ్మేవాడి ముందు ఆ పని చేస్తే వస్తువు మీరే కొనాల్సి వస్తుంది!

అపోహ: ప్లెక్సిగ్లాస్, లూసైట్, ఆల్టుగ్లాస్ వేర్వేరు పదార్థాలు.

అన్నీ ఒకటే, పీఎంఎంఏ, అంటే యాక్రిలిక్. పేర్లు కంపెనీలవి. ఆల్టుగ్లాస్ ఫ్రాన్స్‌లో పుట్టిన బ్రాండు. 'లూసైట్' అన్నందుకు ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

అపోహ: పసుపు తిరిగిందంటే అసలైన పాతది.

ఇది అమ్మేవాళ్లకు బాగా ఇష్టమైన మాట. నిజానికి మంచి యాక్రిలిక్ ఎండకు బాగా తట్టుకుంటుంది. తొందరగా రంగు మారేవి ఏబీఎస్, పాలిస్టైరీన్, పాలికార్బొనేట్, పాలియెస్టర్ రెజిన్ లాంటి వేరే ప్లాస్టిక్‌లు. 1970లలో గడియారం పళ్లచక్రాలు, పురుగులు లోపల పెట్టి రెజిన్ పోసేవారు. ఫ్రెంచ్ కళాకారుడు పియేర్ జిరోదోఁ పేరు అలాంటి పనికే తెలుసు. అవి తేనెరంగుకు తిరిగితే నాకు ఆశ్చర్యం లేదు. 'యాక్రిలిక్' అని రాసిన బల్ల ఆ రంగులో ఉంటే మాత్రం ఆగి ఆలోచిస్తాను. తెల్ల ఏబీఎస్ కుర్చీని తిరగేసి కూడా చూడండి. కిటికీ వైపు ఉన్న భాగం ఒక రంగు, అడుగు ఇంకో రంగు ఉంటే అది ఎండ పని. పదేళ్ల కుర్చీ అయినా అలా అవుతుంది.

అపోహ: గాజులా ఉంది కాబట్టి గ్లాస్ క్లీనర్‌తో తుడవచ్చు.

ఈ ఒక్క తప్పుతో పాడైన బల్లలు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో లెక్కలేదు. వాటిలో ఒకటి నేనే పాడుచేశాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ప్లెక్సీ టీపాయ్ మీద ధర చీటీ జిగురు మిగిలితే, దూదికి ఆల్కహాల్ అద్ది తుడిచాను. చీటీ స్క్రూ రంధ్రం పక్కనే ఉంది. రాత్రి బాగానే కనబడింది. పొద్దున లైటు వేసి చూస్తే రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు, సాలెగూడులా. వేలితో తడిమితే ఏమీ తగలదు, అన్నీ లోపలే. కస్టమర్‌కి ఫోన్ చేయడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

కారణం ఇదీ: కోసిన చోట, రంధ్రం చేసిన చోట, వంచిన చోట యాక్రిలిక్‌లో బిగువు మిగిలిపోతుంది. మంటతో మెరుగుపెట్టిన అంచుల్లో మరీ ఎక్కువ. ఆల్కహాల్ తగిలితే ఆ బిగువు పగుళ్లుగా విచ్చుకుంటుంది, అమోనియా ఉన్న క్లీనర్లతోనూ అదే భయం. ఒకసారి వస్తే పోవు. శానిటైజర్ చేతులతో ముట్టుకున్నా భయమే. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి నూలు గుడ్డ, అంతే. ముందు దుమ్ము నీళ్లతో జారిపోనివ్వాలి. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుంది.

అపోహ: గీతలు పడితే ఇక పనికిరాదు.

పగులు వేరు, గీత వేరు. గోరుకు తగలని గీత పాలిష్ పేస్టుతోనే పోతుంది. లోతుగా ఉంటే నీటితో వాడే ఉప్పుకాగితంతో (వాటర్ పేపర్) 800, 1200, 2000 నంబర్ల వరుసలో తడిగా రుద్ది తర్వాత పాలిష్ చేస్తాను. పొడిగా రుద్దితే వేడికి పైపొర మెత్తబడి మసకబారుతుంది. పాలికార్బొనేట్ ఇలా లొంగదు.

అపోహ: ప్లాస్టిక్ అంటే చవక సరుకు.

శిల్పి మోరిస్ కల్కా 1969లో చేసిన బూమరాంగ్ డెస్కు ఫైబర్‌గ్లాస్‌ది, కొద్ది సంఖ్యలోనే తయారైంది. ఫ్రెంచ్ డిజైనర్ లీన్ వోత్రాఁ అద్దాల చట్రాలు తాలొజెల్ అనే సెల్యులోజ్ ఎసిటేట్ ప్లాస్టిక్‌తో చేసినవి. వేలంలో వాటి ధర వింటే కళ్లు తిరుగుతాయి.

నాకు ఇష్టమైనవి మాత్రం అసలు చవకవే. దువ్వెనల తయారీతో పేరుపడ్డ ఓయొనా పట్టణం మా లియాన్‌కి దగ్గరే. ఆ ప్రాంతపు ప్లాస్టిక్ తయారీదారు ఆన్రీ మసొనే 1968లో తామ్‌తామ్ స్టూలు చేశాడు. చేపలు పట్టేవాళ్లు కూర్చోవడానికి ఉద్దేశించింది, సినీ నటి బ్రిజిత్ బార్దో పక్కన ఫొటోల్లో కనబడేసరికి ఫ్యాషనైంది. మళ్లీ కొత్తగానూ తయారవుతోంది కాబట్టి, మెరుస్తూ కనబడితే వెంటనే మురిసిపోకండి. ఆయనే 1972లో ఫొతయ్ 300 తెచ్చాడు: ఒకే ముక్కగా అచ్చుపోసిన చేతుల కుర్చీ. మన ఊళ్లో షామియానా కింద వరసగా వేసే కుర్చీలు ఆ జాతివే. మా మేనత్త వాటిని "ఫంక్షన్ హాలు కుర్చీలు" అంటుంది. ఫ్రెంచ్ చరిత్ర ఉందని చెబితే నమ్మలేదు.

అపోహ: గాలి నింపే కుర్చీని గాలి తీసి మడిచి దాస్తే ఎన్నేళ్లయినా ఉంటుంది.

పారిస్ డిజైనర్ క్వాజార్ ఖాన్ 1968 నాటి గాలి సోఫాలు పీవీసీవి. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. పట్టుకుంటే జిగట. మడత పెట్టిన చోటే ముందు గట్టిపడి చిట్లుతుంది. సగం గాలితో, చీకట్లో, చల్లగా ఉంచండి. ప్లెక్సీ బల్లకు ఆనించకండి, ఆ జిగట దాన్నీ పాడుచేస్తుంది. ఇప్పుడు మా షాపులో అలాంటిది ఒకటుంది. పొద్దున నింపితే రాత్రికి సగం దిగిపోతోంది. అతుకులన్నీ సబ్బునీళ్లతో చూశాను, ఒక్క బుడగ రాలేదు. రేపు వాల్వు విప్పి చూడాలి.